ఫ్రేములోంచి తప్పించిన మనిషి

పాఠ్యపుస్తకాల్ని స్త్రీల వైపు నుంచి చదవటం మనకి కొత్త కాదు. వాచకంలో అమ్మ పొయ్యి దగ్గరా, నాన్న పేపరు ముందూ ఎందుకుంటారని ఎప్పటినుంచో అడుగుతూనే ఉన్నాం. ఆ అలవాటుతోనే, ఈ మధ్య ఆన్‌లైన్‌లో పూర్తిచేసిన వన్యప్రాణి ఫొటోగ్రఫీ కోర్సుని కూడా ఒక వాచకంలా చదివాను. దాని పేరు ఇక్కడ అవసరం లేదు. ఇలాంటివి నాలుగు తిరగేస్తే నాలుగింటిలోనూ దాదాపు అవే మాటలు, అవే నియమాలు వినిపిస్తాయి. ఆ పాఠాల్లో కనిపించే అడవి ఎవరిది, కెమెరా పట్టుకున్నట్టు ఊహించుకున్న మనిషి ఎవరు అన్నదే నా ప్రశ్న.

ముందు ఆ కోర్సు నాకేమిచ్చిందో చెప్పాలి. ఎగిరే పక్షి రెక్క చెదరకుండా రావాలంటే షట్టర్ వేగం సెకనులో రెండువేలవ వంతు దగ్గర పెట్టుకోవాలనీ, జంతువుని దాని కంటి ఎత్తు నుంచి చూడాలనీ, తెల్ల కొంగని తీసేటప్పుడు ఈకల వివరం పోకుండా ఎక్స్‌పోజర్ కాస్త తగ్గించాలనీ నేర్చుకున్నాను. గూళ్ళ దగ్గరికి వెళ్ళొద్దనీ, బొమ్మ కోసం ఎర వెయ్యొద్దనీ గట్టిగా చెప్పారు. యాభై దాటాక, ఇంటిపని ముగించుకుని, రాత్రి పదింటికి పాఠాన్ని ఆపి ఆపి, వెనక్కి తిప్పి వినగలగటం ఆడవాళ్ళకి చిన్న వెసులుబాటు కాదు. తెలియనిది పదిసార్లు విన్నా విసుక్కునేవాళ్ళు లేరు. ఈ మేలు ఒప్పుకుంటూనే మిగతాది మాట్లాడదాం.

మొదటి వారమంతా మాటలు నేర్పారు. షూట్, ట్రిగ్గర్, క్యాప్చర్, ట్రాప్. అన్నీ వేట మాటలే. ఇది యాదృచ్ఛికం కాదు. 1882లో ఫ్రెంచి శాస్త్రవేత్త మారే ఎగిరే పక్షుల్ని సెకనుకి పన్నెండు బొమ్మలుగా తియ్యటానికి తయారు చేసుకున్న పరికరం అచ్చంగా తుపాకీలాగే ఉండేది, దాని పేరే ఫొటో తుపాకీ. సఫారీలో తుపాకీ స్థానంలోకి కెమెరా ఎలా వచ్చిందో సూసన్ సాంటాగ్ 1977లో వచ్చిన తన ఫొటోగ్రఫీ వ్యాసాల పుస్తకంలో చర్చించింది. డోనా హారవే 1980లలో రాసిన ఒక ప్రసిద్ధ వ్యాసంలో న్యూయార్క్ మ్యూజియంలోని ఆఫ్రికా జంతువుల హాలుని తీసుకుని, దాన్ని రూపొందించిన కార్ల్ ఏక్లీ చేతిలో తుపాకీ, కెమెరా, జంతుచర్మాలకి రూపమిచ్చే విద్య మూడూ మగతనాన్ని నిలబెట్టే పనిముట్లుగా ఎలా పనిచేశాయో చూపించింది. అయితే తుపాకీ దించి కెమెరా ఎత్తటం వల్ల బతికిన జంతువులున్నాయి. మన దేశంలో అటవీ అధికారిగా పనిచేసిన ఛాంపియన్ 1927లోనే పులుల బొమ్మలతో పుస్తకం వేసి, చంపటం కంటే చూడటం గొప్పదని వాదించాడు. ఆ మార్పు విలువైనదే. కానీ మాట మారకపోతే చూపు ఎంతవరకు మారుతుంది?

తెలుగులో మనం ఫొటో ‘తీస్తాం’, ఎదుటివాళ్ళు ఫొటో ‘దిగుతారు’. ఆ దిగటంలో ఎదుటి మనిషి ఇష్టం ఉంది. జంతువు దిగదు, నిజమే. దాని ఇష్టం మనం అడగలేం కాబట్టే తీసేవాళ్ళ బాధ్యత ఇంకా పెరుగుతుంది. వేట పరిభాషలో ఈ బాధ్యతకి చోటు లేదు.

రెండో సంగతి నేర్చుకునే మనిషి శరీరం. సూర్యోదయానికి అరగంట ముందే చేరుకోండి, వీలైతే ఒంటరిగా వెళ్ళండి, చాటు కట్టుకుని నాలుగైదు గంటలు కదలకుండా కూర్చోండి అంటారు. తెల్లవారుజామున ఇంట్లో టీ ఎవరు పెడతారో, టిఫిన్ బాక్సులు ఎవరు కడతారో ఆ సూచనకి తెలియదు. నాలుగైదు గంటలు చాటున కూర్చున్న ఆడమనిషి ఒంటికి పోసుకోవటానికి ఎక్కడికి వెళ్ళాలో కూడా తెలియదు. భద్రత గురించి ఒక పూర్తి పాఠం ఉంది. అందులో పాములున్నాయి, ఎలుగుబంట్లున్నాయి, ఏనుగు చెవులు నిక్కించినప్పుడు ఏం చెయ్యాలో ఉంది. మగవాళ్ళ గురించి ఒక్క వాక్యం లేదు. హైదరాబాదు పక్కన అమీన్‌పూర్ చెరువుంది. 2016లో దాన్ని జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించారు. అక్కడ చీకటితో గట్టు మీద నిలబడ్డప్పుడు నా చెవులు పక్షి కూతకంటే ముందు వెనకాల ఆగిన మోటారుసైకిలుని వింటాయి. ఏ లెన్సు కొనాలో చెప్పిన కోర్సు, ఈ చెవుల్ని ఏం చేసుకోవాలో చెప్పలేదు.

అన్నిటికంటే నన్ను ఆపేసింది మూడో నియమం: ఫ్రేములో మనిషి జాడ ఉండకూడదు. కరెంటు తీగ, గుడిసె, మేకలమంద, కట్టెలమోపు ఏది కనిపించినా అది చూపుని పక్కకి లాగే ‘డిస్ట్రాక్షన్’. ఒక పాఠంలో చెరువు బొమ్మ చూపించారు. మూలన బట్టలుతుకుతున్న ఆమె ఉంది. కోణం ఎలా మార్చుకుంటే ఆమె తప్పిపోతుందో వివరించారు. ఆ తర్వాత బొమ్మ అందంగానే ఉంది. ఆ చెరువు దగ్గర రోజూ గంటలతరబడి ఉండేది ఆమె. పక్షులు అలవాటుపడింది ఆమె అలికిడికి. బొమ్మలో మాత్రం ఆమె చెత్త.

మనిషిని తప్పిస్తే అందం సంగతి అటుంచి, అసలు విషయమే అర్థం కాకుండా పోతుంది. చివరి వారం అసైన్‌మెంటుకి నేను దమ్ము చేస్తున్న మడి బొమ్మ పంపాను. ట్రాక్టరు వెనకా, నారు కట్టలు విప్పుతున్న ఆడవాళ్ళ కాళ్ళ దగ్గరా తెల్ల కొంగలు. బాగుంది, కొంగల వరకు క్రాప్ చెయ్యండి అని జవాబొచ్చింది. కదిలిన బురదలోంచి పైకొచ్చే పురుగులూ కప్పలూ ఆ కొంగలకి తిండి. చక్రాన్నీ పాదాల్నీ కోసేస్తే ఆ పక్షి అక్కడెందుకుందో ఆ బొమ్మ చెప్పలేదు. ‘ప్రవర్తనని చూపించండి’ అన్నది అదే కోర్సులో అయిదో పాఠం. నేను క్రాప్ చెయ్యలేదు.

ఈ రంగానికి నిజాయితీ పట్టింపు లేదని కాదు. పేరున్న ‘వైల్డ్‌లైఫ్ ఫొటోగ్రాఫర్ ఆఫ్ ది ఇయర్’ పోటీలో 2009లో గెలిచిన తోడేలు బొమ్మని, అది పెంపుడు తోడేలు అయ్యుండొచ్చన్న కారణంతో 2010 జనవరిలో రద్దు చేశారు. ఇలాంటి పోటీల్లో కంప్యూటర్లో మనిషిని చెరిపితే మోసం. కెమెరా పక్కకి జరిపి తప్పిస్తే నైపుణ్యం. చూసేవాళ్ళకి రెండిటివల్లా మిగిలేది మనుషుల్లేని అడవే. నల్లమలలో తరతరాలుగా చెంచులున్నారు. పులి కోసం వాళ్ళని అడవి బయటికి పంపాలన్న మాట మనం వింటూనే ఉన్నాం. ఖాళీ అడవే అసలైన అడవి అని వేల బొమ్మలు నేర్పాక, ఆ మాట వినటానికి సహజంగా ఉంటుంది.

అందమైన బొమ్మలోంచి తప్పించిన ఆ స్త్రీ ఇంకో కెమెరాకి దొరుకుతుంది. ట్రాప్ కెమెరా వేడినీ కదలికనీ పసిగట్టి తనంతట తనే బొమ్మ తీస్తుంది. 2018 పులుల గణనలో దేశవ్యాప్తంగా 26,838 చోట్ల ఇలాంటి కెమెరాలు పెట్టారు. మూడు కోట్ల నలభై ఎనిమిది లక్షలకి పైగా బొమ్మలొచ్చాయి. అందులో పులులవి 76,651. కట్టెలకి వెళ్ళిన మనిషికీ పులికీ తేడా ఆ యంత్రానికి తెలియదు. ఉత్తరాఖండ్‌లోని కార్బెట్ పులుల అభయారణ్యం చుట్టుపక్కల ఊళ్ళలో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయ పరిశోధకుడు త్రిశాంత్ సిమ్లాయ్ పద్నాలుగు నెలలు ఉండి చేసిన అధ్యయనం 2024లో వచ్చింది. అడవిలో కాలకృత్యానికి కూర్చున్న ఒక స్త్రీ బొమ్మ ట్రాప్ కెమెరాలో పడింది. ఆమె ఆటిజం ఉన్న మనిషి, అట్టడుగు కులం. తాత్కాలిక అటవీ ఉద్యోగులుగా చేరిన కుర్రాళ్ళు దాన్ని వాట్సాప్‌లో, ఫేస్‌బుక్‌లో తిప్పారు. ఊరివాళ్ళు దొరికిన కెమెరాలన్నీ పగలగొట్టి తగలబెట్టారు.

ఆ స్త్రీలకి అడవి అంటే కట్టెలు, గడ్డి మాత్రమే కాదు. తాగొచ్చి కొట్టే భర్తలనుంచి కాసేపు దూరంగా ఉండే చోటు. నలుగురూ కలిసి కష్టసుఖాలు చెప్పుకునే చోటు. పులీ ఏనుగూ దగ్గరికి రాకుండా గట్టిగా పాటలు పాడుకుంటూ తిరిగేవాళ్ళు. ఎక్కడ కెమెరా ఉందో, ఎవరు వింటున్నారో తెలియక గొంతులు తగ్గాయి. కెమెరాల్ని తప్పించుకోవటానికి అలవాటు లేని దారులు పట్టారు. సిమ్లాయ్‌తో ఈ మాట చెప్పిన ఒకామె తర్వాత పులి దాడిలో చనిపోయింది.

అడవిలో మాట్లాడొద్దు అనేది మా కోర్సులో మొదటి మర్యాద. జీపులో వచ్చి వెళ్ళేవాళ్ళకి అది మర్యాదే. అడవిలో నడిచి బతికేవాళ్ళకి గొంతెత్తటమే ప్రాణరక్షణ. ఈ రెండో సంగతి ఏ పాఠంలోనూ లేదు.

ఇంకోలా చూసిన స్త్రీలు లేకపోలేదు. అమెరికా నవలా రచయిత్రి జీన్ స్ట్రాటన్ పోర్టర్ ఇండియానా చిత్తడి నేలల్లో పక్షుల్ని ఫొటోలు తీసి 1907లో పుస్తకం వేసింది. ఆమె డార్క్‌రూమ్ ఇంటి స్నానాలగదే. ఇంగ్లండులో ఎమ్మా టర్నర్ హిక్లింగ్ బ్రాడ్ సరస్సు మీద పడవ ఇల్లు కట్టించుకుని ఏళ్ళతరబడి గడిపింది. 1911లో ఆమె తీసిన బిట్టర్న్ అనే కొంగజాతి పక్షి పిల్ల బొమ్మ, గూడు కట్టటం మానేసిందనుకున్న ఆ పక్షి బ్రిటన్‌లో మళ్ళీ పిల్లల్ని చేస్తోందనటానికి రుజువైంది. ఆ గూటిని ఆమె వెతికింది అక్కడి సంరక్షకుడు జిమ్ విన్సెంట్‌తో కలిసి. అతని పేరు ఇవాళ్టికీ ఆ బొమ్మ కథలో ఉంది. వీళ్ళు ఏకాంతాన్ని సంపాదించుకోగలిగిన తెల్లజాతి స్త్రీలన్నది మర్చిపోకూడదు. కానీ ఒకే చోట ఏళ్ళతరబడి ఉండి చూడటం, సాయం చేసిన మనిషిని దాచకపోవటం వీళ్ళనుంచి తీసుకోవచ్చు.

మనకీ అలాంటి చోట్లున్నాయి. గుంటూరు దగ్గర ఉప్పలపాడులో ఎర్రకాళ్ళ కొంగలూ గూడబాతులూ ఊరి చెరువులోని చెట్ల మీదే గూళ్ళు పెడతాయి. అక్కడ ఊరిని తప్పించి బొమ్మ తీస్తే, ఆ పక్షులు ఎవరి ఓర్పు వల్ల నిలిచాయో ఆ సంగతే పోతుంది.

ఈ విద్య నేర్చుకోవాలనుకునే ఆడవాళ్ళని నేను వెనక్కి లాగటం లేదు. నేర్చుకోండి. లెన్సు ఖరీదు చూసి బెదరొద్దు, పెరట్లో పిచ్చుకతో మొదలుపెట్టొచ్చు. కానీ ఫ్రేము సరిచేసుకునే ప్రతిసారీ అంచులో ఉన్నదెవరో చూడండి. ఆమె ఉంటే మన బొమ్మకొచ్చే నష్టమేమిటో, ఆమెని తప్పిస్తే ఆమెకొచ్చే నష్టమేమిటో లెక్కవెయ్యండి. ఆమె ఫొటో దిగటానికి ఇష్టపడుతుందో లేదో కూడా దగ్గరికెళ్ళి అడగండి. పక్షిని అడగలేం, ఆమెని అడగొచ్చు.