బోరు వేయకుండానే నీళ్లు పట్టిన కాసినీ

శనివారమైతే పావగడ శనిమహాత్మ గుడి దగ్గర జనం కిటకిటలాడతారు. ఆ శని చుట్టూ తిరిగే ఎన్‌సెలడస్ అనే చిన్న చంద్రుడి సంగతి మాత్రం మనలో ఎక్కువమందికి తెలియదు. దాని అడ్డకొలత 504 కిలోమీటర్లే. పైనంతా మంచు, మంచు కింద ఉప్పునీటి సముద్రం. కాసినీ అనే అంతరిక్ష నౌక అక్కడ దిగలేదు, గజం లోతు కూడా తవ్వలేదు. మరి నీళ్లున్నాయని ఎలా తేల్చింది? ఆ పనితనం వివరంగా చెప్పుకోదగ్గది.

1997 అక్టోబర్ 15న బయలుదేరిన కాసినీ 2004లో శని కక్ష్యలో చేరింది. 2005 ఫిబ్రవరిలో ఎన్‌సెలడస్‌ను దూరం నుంచి దాటుతున్నప్పుడే అయస్కాంత క్షేత్రాన్ని కొలిచే పరికరం ఒక తేడా పసిగట్టింది. అక్కడ వాతావరణమేదో అడ్డున్నట్టు శని అయస్కాంత రేఖలు వంగుతున్నాయి. ఆ పరికరాన్ని చూసుకునే బృందానికి పెద్ద లండన్ ఇంపీరియల్ కాలేజీ శాస్త్రవేత్త మిషెల్ డౌహర్టీ. ఇంకా దగ్గరికి వెళ్లి చూద్దామని ఆమె అందరినీ ఒప్పించారు. వెయ్యి కిలోమీటర్ల ఎత్తున పోవాల్సిన నౌకను జూలై 14న 173 కిలోమీటర్లకు దించారు. దక్షిణ ధ్రువం దగ్గర వెచ్చని పగుళ్లు బయటపడ్డాయి. నవంబర్ ఫొటోల్లో వాటినుంచి ఎగజిమ్మే మంచు ధారలు స్పష్టంగా కనిపించాయి.

అంతటితో సముద్రం ఉందని చాటేయలేదు. ఎన్‌సెలడస్ ఆకర్షణ వల్ల నౌక వేగంలో వచ్చిన అతి చిన్న మార్పును, అది పంపిన రేడియో తరంగాల తేడాను బట్టి లెక్కగట్టారు. ఆ మార్పు సెకనుకు మిల్లీమీటరులో కొన్ని పదో వంతులు! దక్షిణాన మంచు కింద మంచుకన్నా బరువైనదేదో, బహుశా నీరే, ఉందని 2014లో తేలింది. ఆ తర్వాత ఏడేళ్ల ఫొటోల్లోని గుంతలను గుర్తులుగా పెట్టుకుని ఆ చంద్రుడి ఊగును కొలిచారు. అది 0.12 డిగ్రీలు. పైమంచు లోపలి రాతికి అతుక్కుని ఉంటే అంత ఊగదు. అంటే నీరు ఒక్క మూలనే కాదు, చుట్టూ ఉంది.

బోరులో నీళ్లు పడితే చాలదని, అందులో ఏముందో చూడాలని ఫ్లోరైడ్ నీళ్లతో బాధలు పడ్డ పావగడ తాలూకాకు ఒకరు చెప్పక్కర్లేదు. కాసినీ అదీ చూసింది. నౌక పట్టిన మంచు రేణువుల్లో సోడియం లవణాలున్నాయని 2009లో తెలిసింది. 2015లో బయటపడ్డ సన్నని సిలికా రేణువులు, సముద్రం అడుగున 90 డిగ్రీలు దాటిన వేడినీరు రాతిని తాకుతోందని సూచించాయి. అదే ఏడాది అక్టోబర్ 28న నౌక 49 కిలోమీటర్ల ఎత్తున ఆ ధారల్లోంచే దూసుకెళ్లింది. అప్పుడు దొరికింది హైడ్రోజన్. మన సముద్రాల అడుగున, వెలుగే లేని చోట, కొన్ని సూక్ష్మజీవులు హైడ్రోజన్‌తో, కార్బన్ డయాక్సైడ్‌తోనే బతుకుతాయి. పాత కొలతలనే మళ్లీ పరిశీలించగా 2023లో ఫాస్ఫేట్లు కూడా కనబడ్డాయి.

ఇంత జరిగినా అక్కడ ప్రాణి ఉందని ఎవరూ ప్రకటించలేదు. జీవాన్ని గుర్తించే పరికరాలు కాసినీలో లేవు. ఆ ధారల్లో మీథేన్ వాయువు కూడా కనబడింది కానీ, అది జీవం లేకుండానూ పుట్టవచ్చు. ఇంధనం అయిపోవచ్చినప్పుడు, భూమి నుంచి వచ్చిన సూక్ష్మజీవులేవైనా ఆ సముద్రాన్ని చేరతాయేమోనని 2017 సెప్టెంబర్ 15న నౌకను శనిలోకే తోసి కాల్చేశారు. ఒక పరికరం చెప్పినదాన్ని మరో పరికరంతో సరిచూడటం, తేలినంతవరకే చెప్పడం, చూసిన చోటును పాడుచేయకుండా వదలడం: కాసినీ గొప్పతనం ఈ మూడింటిలోనే ఉంది. ప్రాణి ఉందో లేదో తేల్చడం ఇక తర్వాత వెళ్లే నౌక పని.