నల్గొండ తూకం

పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్. ఈ మూడింటితో ఫ్లోరైడ్ నీళ్లను తాగేందుకు పనికొచ్చేలా చేసే విద్యకు లోకమంతా వాడే పేరు నల్గొండ పద్ధతి. నాగపూర్‌లోని నీరి సంస్థకు చెందిన నవ్లాఖే, కులకర్ణి, పాఠక్, బులుసు 1975లో దీన్ని ప్రకటించారు. 1980లో కదిరిలో పట్టణానికంతటికీ ప్లాంటు కట్టారు. ఆ తర్వాత అది టాంజానియా, ఇథియోపియా దాకా పోయింది. గ్రానైట్ రాళ్లలోంచి ఊరిన ఫ్లోరైడ్ మర్రిగూడ, మునుగోడు పల్లెల్లో ఎముకలను ఎట్లా వంచిందో, పాలమూరు బోర్లలో ఎట్లా తేలిందో మన పాఠకులకు వేరే చెప్పక్కర్లేదు. నేను చెప్పాలనుకున్నది ఆ తూకం వెనకున్న లెక్క గురించి. అంత సొగసైన లెక్క రసాయన శాస్త్రంలో నాకు మరొకటి కనబడలేదు.

లీటరు నీళ్లలో 3 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉంది, దాన్ని 1కి దించాలి. పాఠ్యపుస్తకం చదివిన పిల్లవాడు చక్కగా సమీకరణం రాస్తాడు: ఒక అల్యూమినియం, మూడు ఫ్లోరైడ్‌లు. ఫ్లోరైడ్‌కు 19, పటికకు 666 భారాలుగా వేసి లెక్కగడితే లీటరుకు సుమారు 12 మిల్లీగ్రాముల పటిక చాలని వస్తుంది. అది వేసి చూడండి, ఫ్లోరైడ్ దాదాపు కదలదు! నీరి వాళ్ల ఘనత ఇక్కడే ఉంది. పటిక మొదట కలిసేది ఫ్లోరైడ్‌తో కాదు, నీటిలోని బైకార్బనేట్లతో. ఆ చర్యలో పుట్టే అల్యూమినియం హైడ్రాక్సైడ్ తెల్లటి మెత్తని తునకలుగా కట్టి, ఫ్లోరైడ్‌ను పట్టుకుని అడుక్కి దిగుతుంది. అందుకే వాళ్లు ఫ్లోరైడ్‌తో పాటు, ఆ బైకార్బనేట్ల కొలత అయిన క్షారతనూ లెక్కలోకి తెచ్చారు. క్షారత 200 ఉన్న నీటికి సుమారు 300 మిల్లీగ్రాములు, 300 ఉంటే 350 దాకా పటిక కావాలి. పుస్తకం లెక్కకు ఇరవై అయిదు రెట్లు!

మిల్లీగ్రాము పటిక 0.45 మిల్లీగ్రాముల క్షారతను తినేస్తుంది. 300 వేస్తే 135 పోతుంది. నీళ్లు పులుపెక్కితే అల్యూమినియం కరిగే ఉండిపోతుంది. సున్నం ఎక్కువైతే పట్టిన ఫ్లోరైడ్‌ను తునకలు వదిలేస్తాయి. ఆ రెంటి మధ్యన నిలబెట్టేందుకే పటికలో ఇరవయ్యో వంతు సున్నం. నలభై లీటర్ల బకెట్‌కు 12 గ్రాముల పటిక, 0.6 గ్రాముల సున్నం. సున్నం, బ్లీచింగ్ ముందు, పటిక తర్వాత. మొదట వేగంగా, ఆపైన పది పదిహేను నిమిషాలు నిదానంగా కలపాలి. గంట ఆగి, అడుగుకు కాస్త పైన బిగించిన నల్లాలోంచి తేట పట్టుకోవాలి. చేయి తిరిగినవాళ్లు కలిపేటప్పుడు తునకలు చిట్లకుండా ఒక్క తీరుగా పెరగడం చూస్తే కళ్లు తిప్పుకోబుద్ధి కాదు.

ఈ విద్యకు ఇవాళ పట్టిన గతి చూస్తే కడుపు మండుతుంది. గుప్పెడు పటిక బిందెలో పడేసి ఇదే నల్గొండ పద్ధతి అనేవాళ్లున్నారు. క్షారత కొలవకుండా వేసిన పటిక మందు కాదు, మోసం! ఇంకోవైపు సందుకొక ఆర్వో దుకాణం. సగానికి పైగా నీళ్లను మోరీలో పోసి, ఉప్పులన్నీ ఊడ్చేసిన నీళ్లను క్యాన్లలో అమ్ముతున్నారు. పటిక పద్ధతిలో మడ్డి మిగులుతుందనీ, నీటిలో సల్ఫేట్ పెరుగుతుందనీ వాళ్లు ఎత్తి చూపుతారు. నిజమే, 300 మిల్లీగ్రాముల పటికతో లీటరుకు 130 దాకా సల్ఫేట్ చేరుతుంది. అయినా కరెంటు లేని ఇంట్లో బకెట్, కర్ర, తక్కెడతో అయ్యే పనిని ఆర్వో మిషను చేయగలదా?

మిషన్ భగీరథ కృష్ణా నీళ్లు తెచ్చింది, సంతోషమే. కానీ పైపు పగిలిన వారం మళ్లీ బోరే దిక్కు. కాబట్టి ఈ తూకం మన పిల్లల చేతికి రావాలి. నల్గొండ, పాలమూరు కాలేజీల్లో ఇంటర్ పిల్లలు ప్రాక్టికల్స్‌లో సీసా ఆమ్లాన్నే టైట్రేట్ చేస్తున్నారు. వాళ్ల ఊరి బోరు నీళ్లు తెమ్మనండి. వంద మిల్లీలీటర్లలో రెండు చుక్కల మిథైల్ ఆరెంజ్ వేసి, బ్యూరెట్‌లోంచి 0.02 నార్మల్ సల్ఫ్యూరిక్ ఆమ్లం వదలమనండి. పసుపు రంగు నారింజకు తిరిగేసరికి 20 మిల్లీలీటర్లు దిగితే ఆ నీటి క్షారత 200. అక్కడినుంచి పటిక ఎంతో, సున్నం ఎంతో వాళ్ల చేతే లెక్కగట్టించి, తూయించి, తేరిన నీటిలో ఫ్లోరైడ్ మళ్లీ కొలిపించండి. అధ్యాపకులారా, ఈ ఏడాది రికార్డుల్లోనే మొదలుపెట్టండి.