బందెలదొడ్డికైనా రిజిస్టరుంది

2019 డిసెంబరు 6 పొద్దున మేము ఇబ్రహీంపట్నంలో అంబేద్కర్ విగ్రహం దగ్గర నిలబడి ఉన్నాం. బాబాసాహెబ్ వర్ధంతి. దండలు తెస్తానన్న తమ్ముడు ఇంకా రాలేదు. ఈలోపు ఫోన్లలో చటాన్‌పల్లి వార్త వచ్చింది. దిశ కేసులో నిందితులు నలుగురినీ తెల్లవారుజామున పోలీసులు కాల్చి చంపారని. మాతో నిలబడ్డవాళ్లలో సగంమంది చప్పట్లు కొట్టారు. ఒక పెద్దాయన 'ఇయ్యాల బాబాసాహెబ్ ఆత్మ శాంతిస్తది' అన్నాడు. మేము చప్పట్లు కొట్టలేదని రాసుకోవచ్చు, అది నిజమే. కానీ ఆ పెద్దాయనకు అక్కడ జవాబూ చెప్పలేదు. ఆలస్యంగా ఇప్పుడు చెబుతున్నాం.

ప్రభుత్వం ఏదో దాచిందని, నిఘా సంస్థలు ఏదో చేశాయని జనానికి కోపం వస్తే మన ప్రజాస్వామికవాదులు దానికి 'ప్రజాగ్రహం' అని పేరు పెడతారు. ప్రజాగ్రహం ఎప్పుడూ రహస్యానికి ఎదురుగానే నిలబడుతుందని వాళ్ల నమ్మకం. మేము ఇక్కడ చర్చకు పెడుతున్నది ఆ నమ్మకాన్నే. మన అనుభవంలో కోపానికి కులముంది, మతముంది, నివాసముంది. కొన్నిసార్లు కోపమే రహస్యానికి తలుపు తీసి పట్టుకుంది.

చటాన్‌పల్లి సంగతే చూడండి. అదీ మా రంగారెడ్డి జిల్లానే. 2019 నవంబరు 27 రాత్రి శంషాబాద్ దగ్గర ఆ పశువైద్యురాలి మీద జరిగిన ఘోరం గురించి మాకు రెండో మాట లేదు. నవంబరు 30న షాద్‌నగర్ ఠాణా ముందు వేలమంది చేరి నిందితులను తమకు అప్పగించమన్నారు. నిందితులను కోర్టుకు తీసుకుపోవడం కుదరలేదు. తహసీల్దారే ఠాణాకు వచ్చి రిమాండు రాశాడు. జనం కోపం చేసిన మొదటి పని ఇదీ: ముద్దాయి కోర్టుకు పోవలసింది పోయి, రిమాండే ఠాణాకు నడిచొచ్చింది. తర్వాత జైలు నుంచి పోలీసు కస్టడీకి ఇచ్చారు. కస్టడీలో వాళ్లను ఉంచింది ఠాణాలో కాదు, 'సేఫ్ హౌస్' అని పేరు పెట్టిన ఒక గెస్ట్ హౌసులో. ఎందుకంటే ఠాణా దగ్గర జనముంటారు, జనానికి కోపముంది. అంటే చీకటి గదికి కారణంగా చూపించింది మన కోపాన్నే. ఆ గది నుంచి నేరుగా చటాన్‌పల్లి వంతెన దగ్గరికి. తర్వాత అదే జనం పోలీసుల మీద పూలు చల్లారు.

దానికి మూడు రోజుల ముందు, నవంబరు 24న, ఆసిఫాబాద్ జిల్లా లింగాపూర్ మండలంలో ఊరూరా తిరిగి సామాన్లు అమ్ముకునే ఒక దళిత స్త్రీని అత్యాచారం చేసి చంపారు. ఆ కేసును సమత కేసు అన్నారు. ఆమె కోసం ఏ నగరమూ కొవ్వొత్తి పట్టలేదు. కొంత నిరసన జరిగాక ప్రత్యేక కోర్టు వేశారు. 2020 జనవరి 30న ముగ్గురు నిందితులకు శిక్ష పడింది. మరణశిక్ష సరైనదా కాదా అన్నది వేరే వాదన, మాలోనే దానిమీద తేడాలున్నాయి. మేము చెప్పేది ఒక్కటే. 'కోర్టులకు పోతే ఏండ్లు పడతది, అందుకే కాల్చిండ్రు' అని డిసెంబరు 6న మా పక్కన అన్నవాళ్లకు, రెండు నెలలు తిరగకముందే ఆసిఫాబాద్ దళిత కుటుంబం జవాబు చూపించింది. ఆ జవాబును ఎవరూ చదవలేదు.

సుప్రీంకోర్టు వేసిన జస్టిస్ సిర్పుర్కర్ కమిషన్ 2022 జనవరిలో 387 పేజీల నివేదిక ఇచ్చింది. ఆయుధాలు లాక్కుని కాల్చారన్న పోలీసుల కథను నమ్మలేమన్నది. చంపాలన్న ఉద్దేశంతోనే కాల్చారన్నది. పదిమంది పోలీసుల మీద హత్యానేరం విచారణ జరగాలన్నది. చనిపోయిన నలుగురిలో ముగ్గురు ఆనాటికి మైనర్లని తేల్చింది. ఈ నివేదికను సీల్డు కవరులోనే ఉంచమని తెలంగాణ ప్రభుత్వం కోరింది. 2022 మే 20న సుప్రీంకోర్టు ఆ మాట ఒప్పుకోలేదు, దాచవలసిందేమీ లేదని నివేదికను బయటపెట్టి తెలంగాణ హైకోర్టుకు పంపింది. పౌరహక్కులవాళ్లకు ఇది పెద్ద గెలుపు. కానీ నివేదిక బయటికొచ్చిన రోజు ఆ చప్పట్లు కొట్టినవాళ్లలో ఒక్కరైనా దాన్ని తిరగేశారా అని అడిగితే మా దగ్గర సంతోషపడే జవాబు లేదు. మైనర్లన్న మాట కూడా ఎవరినీ ఆపలేదు. నారాయణపేట జిల్లా పేదలు, లారీల మీద బతికే పిల్లలు. పేరులో మహమ్మద్ ఉన్న ఒకతనికి తప్ప మిగతా ముగ్గురికి టీవీల్లో పేర్లు కూడా సరిగ్గా దక్కలేదు.

సీల్డు కవరు కొత్తదేమీ కాదు. ఎమర్జెన్సీ కాలంలో, 1975 జులైలో, మెదక్ జిల్లా గిరాయిపల్లి అడవిలో నలుగురు యువకులను 'ఎన్‌కౌంటర్' చేశారు. 1977లో జయప్రకాశ్ నారాయణ్ చొరవతో ఏర్పడ్డ తార్కుండే కమిటీ ఊర్లు తిరిగి, ఇవి బూటకమని రాసింది. గోల ఎక్కువయ్యాక ప్రభుత్వం జస్టిస్ భార్గవ కమిషన్ వేసింది. సాక్షులు బహిరంగంగా చెప్పడం మొదలుపెట్టారు. కొంతదూరం పోయాక విచారణ మూసిన తలుపుల వెనక జరపాలన్నారు. కన్నబిరాన్ వంటి న్యాయవాదులు దాన్ని ఒప్పుకోలేదు, బయటికొచ్చేశారు. ఆ కమిషన్ అట్లాగే ఆగిపోయింది. ఆనాటి నుంచి ఈనాటి దాకా కాల్చడానికి ఆటంకాలు తక్కువ, చదవడానికే ఆటంకాలు ఎక్కువ.

ఇప్పుడు 2024 సంగతి. స్పెషల్ ఇంటెలిజెన్స్ బ్రాంచి, మనం ఎస్‌ఐబీ అనుకునేది, నక్సలైట్ల కదలికలు కనిపెట్టడానికి పెట్టింది. 2023 డిసెంబరు 3న ఎన్నికల ఫలితాలొచ్చాయి, మర్నాడు రాత్రి ఆ ఆఫీసులో హార్డ్ డిస్కులు ధ్వంసం చేశారని కేసు. 2024 మార్చిలో అరెస్టులు మొదలయ్యాయి. నాయకులవి, వ్యాపారులవి, జర్నలిస్టులవి, చివరికి జడ్జీల ఫోన్లు కూడా విన్నారన్న ఆరోపణ మీద హైకోర్టు తనంతట తానే కేసు తీసుకుంది. పత్రికలన్నిటికీ కోపం వచ్చింది. కోపం న్యాయమైనదే. 2017లో తొమ్మిదిమంది జడ్జీలు గోప్యత ప్రాథమిక హక్కు అని చెప్పిన దేశంలో ఇది చిన్న విషయం కాదు. కానీ ఒక్క ప్రశ్న. ఇదే ఆఫీసు దశాబ్దాల తరబడి గూడేలను విన్నప్పుడు, వాడల్లో పాట పాడే పిల్లలను విన్నప్పుడు ఈ కోపం ఎక్కడుంది? మాటలను దొంగిలిస్తే పెద్ద వార్త. మనిషినే దొంగిలిస్తే?

మనిషిని దొంగిలించిన కేసు 2007లో మన నగరంలోనే జరిగింది. మే 18న మక్కా మసీదులో బాంబు పేలింది. తొమ్మిదిమంది పేలుడులో, ఆ తర్వాత పోలీసు కాల్పుల్లో మరో ఐదుగురు చనిపోయారు. ఆగస్టు 25న లుంబినీ పార్కు, గోకుల్ చాట్. తర్వాత పదులకొద్దీ ముస్లిం యువకులను మఫ్టీ మనుషులు ఎత్తుకుపోయారు. ఠాణాకు కాదు. నగరం అంచుల్లోని ఫాంహౌసులకు, తెలియని గదులకు. కళ్లకు గంతలు. ఇంట్లోవాళ్లు ఠాణాలు తిరిగితే అందరిదీ ఒకటే మాట, మా దగ్గర లేడు. రాష్ట్ర మైనారిటీస్ కమిషన్ న్యాయవాది రవిచందర్‌ను విచారణకు పంపితే ఆయన జైలుకు పోయి కుర్రాళ్ల ఒళ్లమీది గుర్తులు చూసి నివేదిక రాశాడు. వాళ్ల మీద పెట్టిన కుట్ర కేసులు కోర్టులో నిలబడలేదు. 2012 జనవరిలో ప్రభుత్వం 20 మందికి 3 లక్షల చొప్పున, 50 మందికి 20 వేల చొప్పున డబ్బు ఇచ్చింది. 2013లో హైకోర్టు ఆ పరిహారాన్ని కొట్టేసింది. బాంబు కేసులో తర్వాత పట్టుకున్న హిందూత్వ సంస్థలవాళ్లు కూడా 2018 ఏప్రిల్ 16న నిర్దోషులుగా బయటికొచ్చారు. బాంబు పెట్టిందెవరో కోర్టు తేల్చలేదు. ఫాంహౌసుల్లో కట్టేసి కొట్టిందెవరో అసలు ఎవరూ అడగలేదు. 2007లో దళిత సంఘాలు ఏం చేశాయి? కొందరు మాట్లాడారు. మన పత్రికలు చాలావరకు వర్గీకరణ తగాదాలో మునిగి ఉన్నాయి. ఇది మా మీద మేము వేసుకుంటున్న విమర్శ, ఇంకొకరి మీద కాదు.

అది వాళ్ల సమస్య అనుకున్నవాళ్లకు పదేండ్ల తర్వాత నేరెళ్ల వచ్చింది. 2017 జులైలో సిరిసిల్ల దగ్గర ఇసుక లారీ కింద మనిషి పడి చనిపోతే జనం లారీలు కాల్చారు. రాత్రిపూట ఇండ్లలోంచి ఎనిమిదిమందిని తీసుకుపోయారు. ఎక్కువమంది దళితులు. కరెంటు షాకులిచ్చి కొట్టారని వాళ్లు చెప్పారు, పౌరహక్కుల సంఘాలు అదే రాశాయి. రోజుల తర్వాత అరెస్టు 'చూపించారు'.

ఈ 'చూపించడం' అన్న మాట దగ్గర కొంచెం ఆగాలి. మన తెలుగులో అరెస్టు చేయడం వేరు, అరెస్టు చూపించడం వేరు. ఎత్తుకపోయేది ఒక రోజు, చూపించేది ఇంకో రోజు. ఏ డిక్షనరీలోనూ ఈ తేడా ఉండదు. కానీ మా వాడలో బడికి పోని ముసలమ్మకు కూడా తెలుసు. 'పోరణ్ని ఎత్తుకపోయిండ్రు, ఇంకా చూపిస్తలేరు' అంటుంది. రాజ్యాంగం 22వ అధికరణలో రాసిన 24 గంటలు లెక్కపెట్టేది చూపించిన రోజు నుంచి. ఎత్తుకపోయిన రోజుకూ చూపించిన రోజుకూ మధ్య ఉండే ఆ ఎడం ఏ చట్టం కిందికీ రాదు. నిఘా సంస్థల పని ఎక్కువగా జరిగేది ఆ ఎడంలోనే.

ఈ 22వ అధికరణ అసలు ముసాయిదాలో లేదు. 1949 సెప్టెంబరు 15న అంబేద్కరే దాన్ని 15ఏ పేరుతో రాజ్యాంగసభ ముందు పెట్టాడు. జీవించే హక్కు అధికరణలో 'న్యాయమైన పద్ధతి' అన్న మాట తీసేశాక పడ్డ గుంటను కొంతైనా పూడ్చడానికి. అందులోనే ముందస్తు నిర్బంధానికి చోటిచ్చారు, ఆ లోపం మీద సభలోనే వాదన జరిగింది. ఆ పెద్దాయనకు మేము ఇవ్వవలసిన జవాబు ఇదే: పట్టుకున్న మనిషిని కోర్టు ముందు నిలబెట్టమని రాయించిన మనిషి వర్ధంతి రోజున, ఆయన ఆత్మ శాంతిస్తదని ఎట్లా అంటావు తాతా?

1996లో డీకే బసు కేసులో సుప్రీంకోర్టు 11 నియమాలు పెట్టింది. పట్టుకునేవాళ్లకు పేరు కనపడే పట్టీ ఉండాలి, అరెస్టు కాగితం మీద సాక్షి సంతకం ఉండాలి, ఇంటివాళ్లకు చెప్పాలి, రిజిస్టరులో రాయాలి. అన్నీ ఠాణాకు రాసిన నియమాలు. ఫాంహౌసుకు రిజిస్టరు ఎక్కడిది? 1871 నాటి పశువుల చట్టం చూడండి, బందెలదొడ్డి కాపలాదారు రిజిస్టరు పెట్టాలి, ఏ గొడ్డును ఎవరు తోలుకొచ్చారో, ఏ రోజు తోలుకొచ్చారో రాయాలి. బ్రిటిష్‌వాడు బర్రెకు ఇచ్చిన మర్యాద ఇది.

సమాచార హక్కు చట్టంలో 24(4) సెక్షను కింద రాష్ట్రం తన నిఘా సంస్థలను మినహాయించుకోవచ్చు. మానవహక్కుల ఉల్లంఘన ఆరోపణ ఉంటే మాత్రం సమాచార కమిషన్ అనుమతితో 45 రోజుల్లో ఇవ్వాలి. విద్యార్థులు ఈ చిన్న కిటికీని వాడుకోవడం నేర్చుకోవాలి. కానీ అడగాలంటే ఏ గది గురించి అడుగుతున్నామో తెలియాలి కదా. హింసకు వ్యతిరేకమైన ఐక్యరాజ్యసమితి ఒప్పందం మీద భారతదేశం 1997లో సంతకం పెట్టింది, ఇంతవరకు ఆమోదించలేదు. మనుషులను మాయం చేయడానికి వ్యతిరేకమైన ఒప్పందం మీద 2007లో, అంటే మక్కా మసీదు కుర్రాళ్లను ఎత్తుకుపోయిన ఏడాదే, సంతకం పెట్టింది. అదీ అంతే.

ఏ గదో తెలిసినవాళ్లు లేక కాదు. మా ఇబ్రహీంపట్నం చుట్టూ ఇరవై ఏండ్లుగా ఫాంహౌసులు లేచాయి. అసైన్డు భూమి అమ్మకూడదని 1977 చట్టం చెప్పినా, మా తాతలకు పట్టా ఇచ్చిన భూములు చాలావాటికి ఇప్పుడు ప్రహరీలున్నాయి. ఆ గోడ కట్టింది మా మేస్త్రీ, గేటు దగ్గర కూర్చునేది మా మామ, లోపల గిన్నెలు తోమేది మా చిన్నమ్మ. ఈ ఫాంహౌసుల్లో ఏదో జరిగిందని మేము అనడం లేదు. నగరం చుట్టూ ఎక్కడ ఏది జరిగినా చూసే కండ్లు మావాళ్లవేనని అంటున్నాం. పాత రోజుల్లో దొర గడీలో ఎవరిని కట్టేశారో వెట్టిమనిషికి తెలుసు, చెప్పడానికి నోరు లేదు. ఇయ్యాల వాచ్‌మన్‌కు జీతముంది, నోరు మాత్రం అప్పటిదే. నిఘా సంస్థల మీద వచ్చే వ్యాసాలు ఫోను విన్న ఆఫీసరు దగ్గర మొదలై జడ్జి దగ్గర ఆగుతాయి. గేటు దగ్గర కూర్చున్న మనిషి సాక్షి అవుతాడని, అతన్ని కాపాడే చట్టం కావాలని ఎవరూ రాయరు.

కొన్నేండ్ల కింద మా వాడ పిల్లగాణ్ని ఒక మధ్యాహ్నం నంబరు ప్లేటు లేని బండిలో ఎక్కించుకుపోయారు. ఏ ఊరి ఠాణావాళ్లో, ఏ ఆఫీసువాళ్లో తెలియదు. వాళ్లమ్మతో మేమూ తిరిగాం. మూడు ఠాణాల్లోనూ 'మా దగ్గర లేడమ్మా, పో' అన్నారు. మూడోచోట ఆమె కదలలేదు. 'సరే సారు, మీ దగ్గర లేడని ఒక కాగితం రాసియ్యుండ్రి, పోత' అన్నది. లోపలికి పోయి మాట్లాడుకుని వచ్చారు. కాగితం రాయలేదు. రెండు రోజుల తర్వాత పిల్లగాడు రాత్రి ఇల్లు చేరాడు, ఎక్కడున్నాడో అతనికీ తెలియదు. లేడన్న కాగితం ఆ తల్లి ఇప్పటికీ అడుగుతూనే ఉంది.