కారే పైపు లోపలికీ కారుతుంది

మీ ఇంట్లో కుళాయి గట్టిగా కట్టేసినా టప్ టప్‌మని చుక్కలు పడుతూనే ఉన్నాయా? ప్లంబరుకు రెండు సార్లు కబురు చేసినా రాలేదా? అయితే ‘ఇంటి ప్లంబింగ్ మీరే చేసుకోండి’ అని చెప్పే చిన్న పుస్తకం ఏదో ఒకటి మీ చేతికి వచ్చే ఉంటుంది. బస్టాండులోనో, పాత పుస్తకాల దుకాణంలోనో ఇలాంటివి దొరుకుతూనే ఉంటాయి. కొన్ని ఇంగ్లీషు పుస్తకాలకు అనుసరణలు, కొన్ని ఐ.టి.ఐ. పాఠాల సారాంశాలు. అట్ట మీద పైపు రెంచి పట్టుకుని నవ్వే మనిషి బొమ్మ మాత్రం అన్నిటికీ ఉంటుంది. ఈ తరహా పుస్తకాలు ఓ ఏడెనిమిది నేను చదివాను. వాటిలో ఏముందో, ముఖ్యంగా ఏమి లేదో మీతో చెప్పాలనిపించింది.

ముందు మంచి మాట. చేతితో పని నేర్పే పుస్తకం ఏదైనా మంచిదే. ‘కుళాయి తెరిస్తే నీరు వస్తుంది’ అన్న దానికి మించి ఏమీ తెలియకుండా డిగ్రీ పూర్తి చేసేవారు మనలో ఎందరో! ఈ పుస్తకాలు చదివిన విద్యార్థి కనీసం కుళాయి విప్పి చూస్తాడు. స్పిండిల్‌ను తిప్పితే అడుగునున్న రబ్బరు వాషరు వచ్చి గుండ్రటి పీట మీద కూర్చుంటుందనీ, ఆ వాషరు అరిగితేనో, పీట మీద గీత పడితేనో నీరు కారుతుందనీ తెలుసుకుంటాడు. ఇంకా బిగిస్తే ఆగుతుందని బలం చూపించడం వల్ల వాషరు త్వరగా పాడవుతుందన్న సంగతి కూడా ఈ పుస్తకాలు బాగానే చెబుతాయి. పని మొదలుపెట్టే ముందు గేట్ వాల్వు కట్టేయమని, టెఫ్లాన్ టేపును మర చివర మీ వైపు ఉండేలా పట్టుకుని గడియారపు ముల్లు తిరిగే దిక్కున చుట్టమని, సాల్వెంటు సిమెంటు పూసిన జాయింటు పూర్తిగా ఆరకముందే నీరు వదలవద్దని చెబుతాయి. ఇవన్నీ నిక్కమైన సలహాలే. ఒక్క చుక్కతో రోజుకు ఎంత నీరు పోతుందో లెక్కలు కూడా ఇస్తాయి గాని, ఒక్కో పుస్తకంలో ఒక్కో అంకె. ఆ లెక్కను నమ్మకండి. కుళాయి కింద గ్లాసు పెట్టి, గడియారం చూసి మీరే కొలవండి.

ఇక చిక్కు. ఈ పుస్తకాలన్నిటిలోనూ ప్లంబింగ్ అంటే బయటికి కారే నీటిని ఆపడమే. నీరు పైపులోనే ఉండాలి, నేల మీద పడకూడదు. అంతటితో కథ కంచికి వెళుతుంది. పైపులోకి బయటి నుంచి ఏదైనా రాగలదా అన్న ప్రశ్నకు ఒక్క పేజీ కూడా లేదు. దీనికి కారణం ఊహించడం కష్టం కాదు. ఈ పుస్తకాల మూలాలు పుట్టిన దేశాల్లో పైపులో నీరు రాత్రింబవళ్ళు ఒత్తిడితో నిండి ఉంటుంది. ఒత్తిడి ఉన్న పైపుకు బెజ్జం పడితే నీరు బయటికే వస్తుంది. మన ఊళ్ళలో పైపు రోజులో గంటో రెండు గంటలో నిండుగా ఉండి, మిగిలిన కాలమంతా ఖాళీగానో, సగం ఖాళీగానో పడి ఉంటుంది. పుస్తకాన్ని తెలుగు చేసినవారు మాటలను తెలుగు చేశారు గాని, ఆ పైపును తెలుగు చేయలేదు.

ఇది మాటల తగాదా కాదని రాయపూర్‌లో నాకు బాగా అర్థమైంది. ఆ ఊళ్ళో మా బంధువుల కుటుంబం ఒకటి ఉంది. రైల్వే ఉద్యోగాల కోసం వెళ్ళి అక్కడే స్థిరపడిన తెలుగువాళ్ళు రాయపూర్‌లో చాలామందే ఉన్నారు. ఇంటర్ చదివే మా మేనల్లుడు ఇలాంటి పుస్తకమే ఒకటి సంపాదించి, ఇంట్లో కుళాయిలన్నీ తానే బాగుచేశాడు. చుక్క కారడం లేదు. నిజంగా మెచ్చుకోవలసిన పనే. తర్వాత ఉత్సాహం కొద్దీ వీధిలోంచి వచ్చే సర్వీసు పైపుకు నేరుగా అర హార్స్‌పవర్ మోటారు బిగించాడు. అందరూ టుల్లు పంపు అని పిలిచే రకం అది. ‘‘మామయ్యా, ఇప్పుడు డాబా మీది ట్యాంకు ఇరవై నిమిషాల్లో నిండుతోంది!’’ అన్నాడు. సరే, ఈ పైపు ఎటునుంచి వస్తోందో చూద్దాం రా అని వాణ్ణి బయటికి తీసుకెళ్ళాను. గుమ్మం ముందున్న మురుగు కాలువ మీది బండ జరిపితే, నల్లటి నీళ్ళలో అడుగు లోతున మునిగి మా జి.ఐ. పైపు కనిపించింది. తుప్పు పట్టిన చోట ఎవరో ఎప్పుడో సైకిల్ ట్యూబు ముక్క చుట్టి తీగతో బిగించారు. పక్కనే మరో మూడిళ్ళ పైపులు అదే మురుగులో ఈదుతున్నాయి.

పంపు చేసే పని ఏమిటి? తన వెనక ఉన్న పైపులో ఒత్తిడి తగ్గించడం. వీధి పైపులో నీరు పుష్కలంగా ఉంటే ఆ లోటును నీరే పూడుస్తుంది. లేకపోతే పైపులోని ఒత్తిడి బయటి వాతావరణ పీడనం కన్నా తగ్గిపోతుంది. అప్పుడు ఆ సైకిల్ ట్యూబు కింద ఉన్న బెజ్జం, నిన్నటిదాకా నీరు చిమ్మిన బెజ్జమే, మురుగును లోపలికి పీలుస్తుంది. పంపు లేకపోయినా ఇది జరుగుతుంది. సరఫరా ఆగగానే మిట్ట మీది పైపుల్లోని నీరు పల్లానికి జారుతూ, తన వెనక శూన్యాన్ని వదులుతూ పోతుంది కదా. పంపు ఆ పనిని మరింత జోరుగా చేస్తుంది. పైగా ఒక్కరి పంపు కోసం వీధిలోని అందరి పైపులూ పీల్చడం మొదలుపెడతాయి.

నమ్మకం కలగకపోతే ఇంట్లోనే చేసి చూడండి. తాపీ మేస్త్రీలు మట్టం చూసుకునే పారదర్శకపు గొట్టం ఒకటిన్నర మీటరు తీసుకోండి. టేబుల్ మీద నీళ్ళ బకెట్ ఒకటి, కింద ఖాళీ బకెట్ ఒకటి ఉంచండి. గొట్టాన్ని నీటితో నింపి, రెండు కొసలూ బొటనవేళ్ళతో మూసి, ఒక కొసను పై బకెట్‌లో ముంచి రెండోదాన్ని నిటారుగా కిందికి వేలాడదీసి వదలండి. సైఫను పారుతుంది. ఇప్పుడు వేలాడే భాగంలో మధ్యకు, సన్న సూదితో ఒక్క బెజ్జం పొడిచి, దాని చుట్టూ ఎర్ర సిరాలో ముంచిన దూది చుట్టండి. నీరు బయటికి చిమ్ముతుందనుకున్నారా? ఎర్రటి దారం లాంటి సిరా గొట్టంలోకి దిగి కింది బకెట్‌లోకి పోవడం చూస్తారు. అదే సమయంలో కింది కొసను వేలితో మూయండి. సిరా దారం ఆగిపోతుంది. దూదిలోంచి నీరు బయటికి కారడం మొదలవుతుంది. అదే గొట్టం, అదే బెజ్జం. వేలు తీయండి, మళ్ళీ లోపలికి! మన వీధి పైపులో ఉదయం, సాయంత్రం జరిగేది అచ్చంగా ఇదే. తేడా ఒక్కటే: అక్కడ దూదిలో ఉండేది సిరా కాదు.

రాయపూర్ తాగే నీరు ఖారున్ నదిది. భాఠాగావ్ దగ్గర తోడిన నీటిని రావణభాఠాలోని కేంద్రంలో శుద్ధి చేసి పంపుతారు. వేసవిలో గంగరేల్ జలాశయం నీరు కాలువ ద్వారా తోడవుతుంది. శుద్ధి కేంద్రం గేటు దాటేటప్పుడు మంచిగా ఉన్న నీరు ఇంటికి వచ్చేటప్పటికి మంచిగా ఉండాలన్న నియమమేమీ లేదు. 2018 ఏప్రిల్‌లో మోవా ప్రాంతంలోని నహర్‌పారాలో కామెర్లు ప్రబలి ప్రాణాలు పోయాయి. 2020 ఏప్రిల్‌లో, లాక్‌డౌన్ వల్ల అందరూ ఇళ్ళలోనే ఉండిపోయిన రోజుల్లో, నగరంలోని పలు బస్తీలలో వందలమందికి మళ్ళీ కామెర్లు సోకాయి. మురుగు కాలువల గుండా పోతున్న పైపుల మీదే అందరి వేళ్ళూ చూపాయి. వాటిని తీసి పక్కకు మార్చే పని అధికారులు అప్పుడు చేపట్టారు. వ్యవహారం ఉన్నత న్యాయస్థానం దాకా వెళ్ళింది. రాయపూర్‌ను వేరుగా నిందించడం నా ఉద్దేశం కాదు. హైదరాబాద్ భోలక్‌పూర్‌లో 2009 మేలో, గుంటూరు పాత బస్తీలో 2018 మార్చిలో తాగునీటిలో మురుగు కలిసి ప్రాణాలు తీసిన సంగతి మీ ఇళ్ళలోని పెద్దలకు గుర్తుండే ఉంటుంది.

నీటి ద్వారా వచ్చే కామెర్లకు మన దేశంలో ముఖ్య కారణం హెపటైటిస్ ఇ వైరస్. చాలామందికి అది తానే తగ్గిపోతుంది. కాని నెలలు నిండుతున్న గర్భిణికి సోకితే నూటికి 20 నుంచి 25 మంది దాకా మరణించే ప్రమాదం ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. 1955 డిసెంబరు, 1956 జనవరి నెలల్లో ఢిల్లీలో సుమారు 29 వేల మందికి కామెర్లు వచ్చాయి. నజఫ్‌గఢ్ మురుగు వజీరాబాద్ దగ్గర యమునలో నీరు తోడే చోటికి ఎదురు పారింది. ఆనాడు క్లోరిన్ మోతాదు పెంచారు. టైఫాయిడ్ పెరగలేదు గాని, వైరస్ మాత్రం దాటిపోయింది. కాబట్టి ‘క్లోరిన్ కలుపుతున్నారులే’ అని నిశ్చింతగా కూర్చోవడానికి లేదు.

ధనిక దేశాల పైపులు కూడా పీలుస్తాయి. 1969లో అమెరికాలో, మసాచుసెట్స్ రాష్ట్రంలోని హోలీ క్రాస్ కళాశాల ఫుట్‌బాల్ జట్టులో 90 మంది దాకా ఒక్కసారిగా హెపటైటిస్ బారిన పడ్డారు. దగ్గరలో ఎక్కడో మంటలు ఆర్పడానికి అగ్నిమాపక దళం వీధి పైపు నుంచి భారీగా నీరు లాగింది. ఒత్తిడి పడిపోయింది. మైదానం గడ్డికి నీరు చల్లే కుళాయిల గుంటల్లో నిలిచిన కలుషిత నీరు పైపులోకి వెళ్ళింది. ఆటగాళ్ళు ఆ పైపు నీరే తాగారు. ఈ సంఘటన తర్వాత వెనక్కి పీల్చుకోకుండా ఆపే వాల్వుల గురించి అక్కడ ఎంతో చర్చ జరిగింది. ఆ దేశపు పుస్తకాలను అనుసరించినవారు వాషర్ల అధ్యాయాన్ని తెచ్చుకుని, ఈ అధ్యాయాన్ని అక్కడే వదిలేశారు!

‘మొదట నేర్చుకునేవారికి ఇంత పెద్ద విషయాలెందుకు, వాషరు మార్చడం వస్తే చాలదా?’ అని మీరు అడగవచ్చు. నిజానికి ఇవి పెద్ద విషయాలు కావు, వాషరు మార్చడం కన్నా తేలిక. బకెట్‌లో మునిగిన రబ్బరు గొట్టాన్ని కుళాయికి తగిలించి వదిలేయకూడదు. ఒత్తిడి పడితే బట్టలుతికిన నీరు గొట్టం గుండా వెనక్కి పోతుంది. కుళాయి కొసకూ, కింది తొట్టి అంచుకూ మధ్య కొంత ఖాళీ ఉండాలి. ఆ గాలి ఖాళీని మించిన భద్రమైన వాల్వు ఇంతవరకు ఎవరూ కనిపెట్టలేదు, దానికి ఖర్చు కూడా సున్నా. మోటారు కావాలంటే వీధి పైపుకు కాదు, సంపుకు పెట్టాలి. సంపులోకి నీరు వచ్చే పైపు నీటి మట్టానికి పైన ఆగాలి. సరఫరా మొదలైన మొదటి కొద్ది నిమిషాల నీటిని తాగడానికి పట్టకూడదు. రాత్రంతా ఖాళీ పైపు పీల్చినదంతా అందులోనే ఉంటుంది. ఈ నాలుగు మాటలకు ఒక పేజీ చాలు. మరో పేజీలో క్లోరిన్ పరీక్ష ఇవ్వవచ్చు. మన తాగునీటి ప్రమాణం ఐ.ఎస్. 10500 ప్రకారం కుళాయి దగ్గర లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. పరీక్ష పెట్టెలోని చుక్కల మందు కలిపి రంగు చూస్తే చాలు, హైస్కూలు పిల్లలు కూడా చేయగలరు. నిన్నటిదాకా రంగు వచ్చి, ఇవాళ రాకపోతే దారిలో ఏదో కలుస్తోందని అనుమానించాలి.

ఈ పుస్తకాల మీద నాకున్న రెండో ఫిర్యాదు ‘మీరే చేసుకోండి’ అన్న మాట మీదే. అన్నీ మీరే చేసుకోలేరు. వీధి మెయిను నుంచి మీ ఇంటికి కనెక్షను ఇచ్చే ఫెర్రూల్‌ను విప్పడానికి మీకు హక్కు లేదు, విప్పకూడదు కూడా. తాగునీటి పైపును మురుగు గుండా వేయకూడదని మన భవన నిర్మాణ నియమాలు చెబుతూనే ఉన్నాయి. దాన్ని అమలు చేయడం పురపాలక సంఘం పని. మీ చేయి ఎక్కడ ఆగాలి, అర్జీ ఎక్కడ మొదలవ్వాలి అని చెప్పని పుస్తకం సగం పుస్తకమే. తడి నేల మీద నిలబడి మోటారు తీగలు ముట్టుకోవద్దన్న హెచ్చరిక కూడా కొన్నిటిలో లేదంటే ఇక ఏమనాలి?

మా మేనల్లుడు మోటారు విప్పడానికి మొదట ఒప్పుకోలేదు. ‘‘వీధిలో అందరూ పెట్టుకున్నారు కదా మామయ్యా, నేనొక్కణ్ణీ తీస్తే మాకు నీళ్ళు రావు’’ అన్నాడు. వాడి మాటలో న్యాయం ఉంది. దానికి నా దగ్గర జవాబు లేదు, గొట్టమూ సిరా సీసా మాత్రమే ఉన్నాయి. ఆ సాయంత్రం ప్రయోగం చూసిన తర్వాత వాడు ఒక కాగితం తీసుకుని వీధి మెయిను నుంచి వంటింటి కుళాయి దాకా నీటి దారి గీశాడు. పైపు మురుగును దాటే చోట ఎర్ర గీత పెట్టాడు. పక్క మూడిళ్ళకూ వెళ్ళి వాళ్ళ పైపులు కూడా అదే కాగితం మీద గీసుకొచ్చాడు. నాలుగిళ్ళకూ కలిపి అయిదు ఎర్ర గీతలు తేలాయి. వార్డు కార్యాలయానికి ఇచ్చే అర్జీకి ఆ బొమ్మనే జత చేశారు. మోటారు ప్రస్తుతం ఇంటి వెనక కొత్తగా తవ్విస్తున్న సంపు కోసం మూటకట్టి ఉంది.