ఘాటీకి తగ్గ పళ్లు

పాత డీజిల్ పికప్ కొన్నవాడు ముందు బానెట్ ఎత్తి చూస్తాడు. కొండ దారుల బళ్లు బాగుచేసే మేస్త్రి కిందికి దూరతాడు. ప్రొపెల్లర్ షాఫ్టు పట్టుకుని అటూ ఇటూ తిప్పుతాడు. చెయ్యి ఎంత దూరం ఖాళీగా తిరిగాక లోపల పళ్లు టక్కుమన్నాయో చూస్తే ఇరుసు హౌసింగు విప్పకుండానే సగం సంగతి తెలిసిపోతుంది.

"బండి లాగట్లేదు మేస్త్రీ" అన్న ప్రతి బండికీ ఇంజను పని అక్కర్లేదు. అడుగులో ఉన్న క్లచ్, గేరుబాక్సు, షాఫ్టు, దాని కొసన తిరిగే పినియన్, అది తిప్పే క్రౌన్ చక్రం సరిగా కుదిరితే పాత ఇంజనే ఘాటీ లాగుతుంది. ఈ కిటుకు జీపు పుట్టినప్పటి నుంచీ ఉన్నదే. యుద్ధకాలపు విల్లీస్ జీపులో క్రౌన్‌కి 39 పళ్లు, పినియన్‌కి 8. అంటే పినియన్ 4.88 చుట్లు తిరిగితే చక్రం ఒక్క చుట్టు తిరుగుతుంది. 1945లో అదే కంపెనీ రైతుల కోసం తెచ్చిన సీజే-2ఏలో క్రౌన్‌కి 43 పళ్లు వేసి ఆ లెక్కను 5.38 చేసింది. గుర్రాల బలం పెంచకుండానే చక్రం దగ్గర లాగుడు పదో వంతు పెరిగింది, ఆ మేరకు వేగం తగ్గింది. తర్వాత మహీంద్రా మన దేశంలో బిగించడం మొదలుపెట్టింది ఆ విల్లీస్ జీపుల్నే.

ఎక్కడానికే ఇదంతా అనుకుంటే సగమే అర్థమైనట్టు. హుకుంపేట సంతలో ఎక్కించిన అల్లం, పసుపు, రాజ్‌మా, కాఫీ గింజలు పోయేది మైదానానికి. అంటే బండి నిండుగా ఉండేది పాడేరు ఘాటీ దిగేటప్పుడు, అనంతగిరి మలుపులు తిరుగుతూ శృంగవరపుకోట వైపు పోయేటప్పుడు. కావిడి భుజాన వేసుకుని కొండ దిగేవాణ్ణి అడగండి, మోకాళ్ల బాధ ఎప్పుడో చెప్తాడు. పళ్ల లెక్క ఎక్కువైతే బండి గేరులో దిగేటప్పుడు ఇంజను పట్టు కూడా అంతే పెరుగుతుంది, బ్రేకు డ్రమ్ముల వేడి తగ్గుతుంది. నా దృష్టిలో ఎక్కువ లెక్క క్రౌన్ వేసే ఈ మార్పుకి అసలు విలువ ఇదే. డీజిల్ మిగులుతుందని న్యూట్రల్‌లో దింపేవాడికి మాత్రం ఏ క్రౌన్ వేసినా దండగే.

బిగింపులోనే ఉంది పనితనం. క్రౌన్, పినియన్ జతగా అరగదీసి తయారుచేసినవి. పాత సామాన్ల కొట్లో ఒక బండి క్రౌన్, ఇంకో బండి పినియన్ తెచ్చి కలిపితే హౌసింగు కూత పెడుతుంది. జత కుదిరాక పళ్ల మీద పల్చగా రంగు పూసి చేత్తో తిప్పుతారు. రంగు చెదిరిన మచ్చ పంటి మధ్యలో పడాలి. లోపలి కొసకో బయటి అంచుకో పోతే పల్చటి షిమ్ములు వేసి, తీసి, మళ్లీ పూసి, మళ్లీ తిప్పాలి. విసుగొచ్చే పనే, కానీ ఇక్కడ తొందరపడితే కొత్త పళ్లు కూడా నిలవవు. పంటికి రెండు వైపులూ చూడటం ఇంకా ముఖ్యం. ఎక్కేటప్పుడు ఒక వైపు మోస్తుంది, గేరులో దిగేటప్పుడు రెండో వైపు. యాక్సిలరేటర్ మీంచి కాలు తీశాకే కూత వినబడుతుంటే దిగుడులో మోసే వైపు అరిగిందేమోనని అనుమానించాలి. ముందు చక్రాలకీ ఇంజను బలం అందే బండైతే ముందూ వెనకా రెండు క్రౌన్లూ ఒకే లెక్కలో ఉండాలి. లేకపోతే గట్టి రోడ్డు మీద నాలుగు చక్రాలూ కలిపి నడిపినప్పుడు ముందూ వెనకా పెనుగులాడి ఏదో ఒకటి విరుగుతుంది.

లోడు కోసమని వెనక కమాను కట్టలో అదనంగా ఓ పట్టీ వేయిస్తారు చాలామంది. వెనక భాగం లేచి షాఫ్టు కోణం మారుతుంది, ఆ దెబ్బ షాఫ్టు కీళ్లలోని క్రాసుల మీద పడుతుంది. మూడు నెలలకే క్రాసు పోయిందని కంపెనీని తిట్టుకునేవాళ్లు ఆ పట్టీని లెక్కలోకి తీసుకోరు. షాఫ్టు విప్పే ముందు సుద్దతో గీత గీసుకోవడం చిన్న జాగ్రత్తే. రెండు కొసల యోకులు ఒకే వరసలో కూర్చోకపోతే బండంతా వణుకుతుంది.

అన్నీ గట్టివే వెయ్యమనే యజమాని మాటకి మంచి మేస్త్రి ఒప్పుకోడు. బలమైన ప్రెషర్ ప్లేటు వేస్తే క్లచ్ జారదు. అప్పటిదాకా అది తిన్న దెబ్బ ఇరుసు మీదికి పోతుంది. ఘాటీ మధ్యలో క్రాసో ఇరుసో తెగితే గేరు పట్టు కూడా చక్రానికి అందదు, ఇక బ్రేకులే దిక్కు. క్లచ్ జారితే వాసన ముందే చెప్తుంది, పక్కకి ఆపుకోవచ్చు. అందుకే ఏది ముందు లొంగాలో తేల్చుకున్నాకే ఏది గట్టిపరచాలో తేలుతుంది.

ఇక నూనె. హౌసింగులో వేసే ఘాటైన రకాన్నే పాత గేరుబాక్సులోనూ పోస్తే లోపలి ఇత్తడి రింగులకు చేటు. వేర్వేరు డబ్బాలు కొనాల్సిందే. రోజూ విశాఖ దాకా పరిగెత్తే బండికి మాత్రం నేనైతే ఈ క్రౌన్ మార్పు చెప్పను. చదును రోడ్డు మీద ఇంజను అరుస్తూనే ఉంటుంది, డీజిల్ తాగుతుంది. హుకుంపేట మీదుగా పోయే 516ఈ జాతీయ రహదారి దిగి, లోపలి ఊళ్లకు మట్టి బాట పట్టే బళ్లకే ఇది తగిన పని.