నలభై మెట్ల మీద గోల

పోయిన ఆదివారం రోడ్ ఐలండ్‌లోని న్యూపోర్ట్ క్లిఫ్ వాక్ మీద మనవాళ్ళ గుంపొకటి స్పీకర్‌లో సినిమా పాటలు మోగిస్తూ ఎదురైంది. ఒళ్ళు మండింది. నడకంటే ఫోను జేబులో పెట్టి, నోరు మూసుకుని చేసే పని అని ఈ కాలమ్‌లో ఎన్నిసార్లు పోరు పెట్టానో పాఠకులకు తెలుసు. కొండకొమ్ములూ హోరుగాలీ కావాలని ఐర్లాండ్‌కి టికెట్లు కొనేవాళ్ళకి, ముందు రోడ్ ఐలండ్ వెళ్ళిరండి అని చెప్పేదీ నేనే.

మూడున్నర మైళ్ళ దారి. ఒక పక్క బండల్ని బాదే అట్లాంటిక్, ఇంకో పక్క కోటీశ్వరుల పెరళ్ళు. వాండర్‌బిల్ట్‌ల డెబ్భై గదుల ‘బ్రేకర్స్’ మేడ 1895లో పూర్తయింది. అలాంటి ఇళ్ళ వెనకనుంచి ఎవరైనా దర్జాగా నడిచిపోవచ్చు. అది ఆ దొరల దయ కాదు. జనం ఈ తీరంలో చేపలు పట్టుకునే హక్కు 1663 నాటి ఇంగ్లండ్ రాజశాసనంలోనే ఉంది. తీరం మీద జనానికి హక్కులున్నాయని 1843లో అమల్లోకొచ్చిన రాష్ట్ర రాజ్యాంగమూ రాసుకుంది. దారి మూయించాలని చూసిన ఆసాములు లేకపోలేదు, సాగలేదు.

నరగాన్సెట్ అవెన్యూ చివర సముద్రం వైపు దిగే నలభై మెట్లున్నాయి. 1820లలో ఫోర్ట్ ఆడమ్స్ కోట కట్టడానికి ఐరిష్ కూలీలు ఈ ఊరొచ్చారు. తర్వాత ఆ మేడల్లో వంటలూ ఇంటిపనులూ చేసినవాళ్ళలోనూ ఐరిష్‌వాళ్ళు చాలామంది. పని లేని వేళల్లో ఆ మెట్ల దగ్గరే చేరి వాయించుకుని, పాడుకుని, చిందులేసేవాళ్ళట. దొరల హాల్లో వాళ్ళకి చోటెక్కడిది? ఆ మాటకొస్తే, మా భీమిలి ఒడ్డున అలివి వల లాగేవాళ్ళు నోరు మూసుకుని లాగగా నేనెన్నడూ చూడలేదు. పది గొంతులు కలిస్తేగానీ వల ఒడ్డుకి రాదు.

సముద్రం ముందు నిశ్శబ్దం కావాలనే కోరిక నాకూ ఉంది, ఆ మేడల గోడల వెనకవాళ్ళకీ ఉంది. అక్కడే నాకు ఇబ్బందిగా అనిపించింది. తీరం మీద జనం హక్కు కోసం 2023లో ఈ రాష్ట్రం ఇంకో చట్టం చేసింది: అలలు నాచు వదిలిన గీత నుంచి పదడుగులు పైదాకా జనం తిరగొచ్చు. ఇలాంటి హక్కులు జనం వాడుతుంటేనే నిలుస్తాయి. నాలాంటి మౌనవ్రతులు తలొంచుకుని ఒక్కొక్కరే నడిచి ఉంటే, ఆసాములు ఏనాడో గేటు పెట్టి తాళం వేసేవాళ్ళు.