మంటకు దారి చూపే కాంక్రీటు

శ్రీహరికోటలో రాకెట్ లేవగానే కెమెరాతో పాటు మన తలలూ పైకి లేస్తాయి. సివిల్ ఇంజినీర్ల కళ్లు మాత్రం కిందే ఉంటాయి. లేచిన పీఎస్ఎల్‌వీ మళ్లీ రాదు. దాని మంట భరించిన ప్యాడ్ మాత్రం కడిగించుకుని, మరమ్మతులు చేయించుకుని ఇంకో రాకెట్‌ను మోయాలి. ‘సివిల్ చదివితే ఇస్రోలో మనకేం పని?’ అని నీరసపడే పిల్లలకు నేను చూపించేది అక్కడి రెండో లాంచ్‌ప్యాడ్‌నే.

దాని డిజైన్ రాంచీలోని మెకాన్ సంస్థది. 1999లో పని మొదలైంది, 2005 మే 5న పీఎస్ఎల్‌వీ-సీ6తో తొలి ప్రయోగం జరిగింది. మొదటి ప్యాడ్‌లో రాకెట్‌ను ప్యాడ్ మీదే ఒక్కో అంచె పేర్చి కట్టేలా ఏర్పాటు చేశారు. రెండోదాంట్లో ఎనభై మీటర్ల ఎత్తు దాటిన భవనంలో కట్టి, నిలువునా నిలబెట్టే, పట్టాల మీద సుమారు కిలోమీటరు నడిపించుకొస్తారు. ప్యాడ్ ఖాళీ అయ్యేదాకా తర్వాతి రాకెట్ పని ఆగక్కర్లేదు.

ఆ కిలోమీటరు పట్టాల దగ్గరే నేను ఆగిపోతాను. ఈ ప్యాడ్ నుంచే లేచే ఎల్‌వీఎం3 రాకెట్ ఎత్తు 43.5 మీటర్లు. ద్రవ ఇంధనాలు ప్యాడ్ దగ్గర నింపినా, రెండు బూస్టర్లలో చెరో 200 టన్నుల ఘన ఇంధనం అప్పటికే ఉంటుంది. ఒక పట్టా కింద నేల కుంగి, రెండోదాని కింద కుంగకపోతే? రాకెట్‌ను మోసే పీఠం మీటరుకు ఒక్క మిల్లీమీటరు వాలిందంటే కొన దగ్గర అది నాలుగు సెంటీమీటర్లు దాటుతుంది. పోనీ అది గట్టి రాతినేలా అంటే, కాదు. ఒక పక్క పులికాట్, ఇంకో పక్క బంగాళాఖాతం, మధ్యలో ఇసుక దీవి. ఉప్పుగాలి సరేసరి, తుపాన్ల కాలం ఎలాగూ తప్పదు. కాలేజీలో మార్కుల కోసం బట్టీపట్టి వదిలేసే సాయిల్ మెకానిక్స్ ఇక్కడ రాకెట్‌ను నిటారుగా నిలబెడుతోంది.

ఇక ప్యాడ్ కింద ఉండే మంట కాలువ. ఇస్రో భాషలో జెట్ డిఫ్లెక్టర్ డక్ట్. రాకెట్ వదిలే మంట నేలను తాకి ఎదురుతిరిగితే దెబ్బ రాకెట్‌కే. అందుకే దాన్ని వంపు తిప్పి పక్కకు పంపేస్తారు. మామూలు కాంక్రీటు ఇక్కడ నిలవదు. లోపలి సన్నటి రంధ్రాల్లో దాగిన నీరు ఆవిరై, బయటికి దారి లేక పెచ్చులను పేల్చేస్తుంది. 573 డిగ్రీల దగ్గర ఇసుకలోని క్వార్ట్జ్ ఒక్కసారిగా ఉబ్బుతుంది. పైగా ఘన బూస్టర్ల పొగలో అల్యూమినా రేణువులుంటాయి, అవి ఉప్పుకాగితంలా గీకేస్తాయి. అదే పొగలోని హైడ్రోజన్ క్లోరైడ్ ఉక్కును తింటుంది. వేడిని తట్టుకునే కాల్షియం అల్యూమినేట్ సిమెంటు లాంటివి ఇలాంటి చోట్లకే. పెద్ద ప్యాడ్లలో రాకెట్ లేచే సమయానికి నీళ్లు కుమ్మరిస్తారు. మంట చల్లార్చడానికే అనుకుంటాం గానీ, ముఖ్యంగా చప్పుడును మింగడానికి. ఆ శబ్దం అదుపులో లేకపోతే పైన ఉన్న ఉపగ్రహం వణికిపోతుంది.

ఈ పనిలో పొరపాటు జరిగితే దాచుకోవడానికి లేదు. 2008 మే 31న డిస్కవరీ షటిల్ లేచినప్పుడు కెనడీ కేంద్రంలోని మంట కాలువ గోడ నుంచి దాదాపు 3,500 ఇటుకలు ఊడి ఎగిరిపోయాయి. 2023 ఏప్రిల్ 20న టెక్సస్‌లో స్టార్‌షిప్‌కు అసలు మంట కాలువే లేదు. 33 ఇంజన్ల రాకెట్ లేచేసరికి ప్యాడ్ కాంక్రీటు ముక్కలై దూరాలకు ఎగిరిపడింది, కింద గొయ్యి మిగిలింది. ఆ తర్వాతే నీళ్లు చిమ్మే ఉక్కు పలక వేశారు. అంతటి రాకెట్ కట్టగలిగినవాళ్లు నేలను ఎందుకంత తేలిగ్గా తీసుకున్నారో నాకైతే అంతుపట్టదు.

ఇస్రోలో సివిల్ పని ప్యాడ్లతో అయిపోదు. బెంగళూరు దగ్గర బ్యాలాలులో, మన హైదరాబాద్ ఈసీఐఎల్ కట్టిన 32 మీటర్ల యాంటెన్నా ఉంది, చంద్రుడి దాకా వెళ్లిన నౌకలతో మాట్లాడేది. దాని పునాది కాస్త ఒరిగి, గురి డిగ్రీలో వెయ్యోవంతు తప్పినా చంద్రుడి దూరానికి అది ఆరున్నర కిలోమీటర్ల పైమాటే. చంద్రుడి మీద ఇళ్ల సంగతి ఇంకా ప్రయోగశాలలోనే ఉంది. 2020లో ఐఐఎస్సీ, ఇస్రో పరిశోధకులు చంద్రుడి మట్టిని పోలిన పొడికి బ్యాక్టీరియా, యూరియా, గోరుచిక్కుడు గింజల జిగురు కలిపి ఇటుకలు పోశారు. సరదాగా ఉంది గానీ, ఉద్యోగం కోసం అంత దూరం పోనక్కర్లేదు.

ఇస్రో నియామక మండలి ఐసీఆర్‌బీ సివిల్‌ వాళ్లనూ సైంటిస్ట్/ఇంజినీర్ ‘ఎస్‌సీ’ హోదాలోనే తీసుకుంటుంది. మెకానికల్ వాళ్లు చేరేదీ ఆ హోదాలోనే. బీటెక్‌లో 65 శాతం లేదా 6.84 సీజీపీఏ ఉండాలి, రాత పరీక్ష, ఇంటర్వ్యూ దాటాలి. పనికీ కొదవ లేదు. తమిళనాడులోని కులశేఖరపట్నంలో కొత్త ప్రయోగ కేంద్రానికి 2024 ఫిబ్రవరిలో శంకుస్థాపన జరిగింది. శ్రీహరికోటలో మూడో లాంచ్‌ప్యాడ్‌కు 2025 జనవరిలో కేంద్ర మంత్రివర్గం రూ.3,984.86 కోట్లు మంజూరు చేసి, 48 నెలల గడువు పెట్టింది. ఎల్‌వీఎం3 కంటే బరువైన కొత్త తరం రాకెట్ కోసం అదే ఇసుకలో మళ్లీ పునాదులు తవ్వాలి.